కొట్టేసిన జవాబు

పెదజాలరిపేటలో మా డాబా మీద ట్యూషను.
ఉప్పుగాలికి సుద్దముక్క చెమర్చి
సగం అంకె రాసి సగం మింగేస్తుంది.
ఎనిమిది మంది పిల్లలు, ఆరు చాపలు,
పక్క డాబా మీద ఎండిన నెత్తళ్ల వాసన.

ఇవాళ వర్గ సమీకరణం. అందులో తేలికరకం,
నడిమి పదం లేనిది.
రెండు ఎక్స్ స్క్వేర్ మైనస్ తొంభై ఎనిమిది
ఈజ్ ఈక్వల్ టు సున్నా.
ముందు ఎక్స్ చుట్టూ చేరిన చుట్టాలని పంపించెయ్యండి, అంటాను.
తొంభై ఎనిమిది గుమ్మం దాటి, ప్లస్సయి అవతల కూర్చుంటుంది.
రెండు కూడా వెళ్లి దాని కింద చేరి భాగిస్తుంది.
ఎక్స్ స్క్వేర్ ఒక్కటీ మిగులుతుంది,
ఎదురుగా నలభై తొమ్మిది.
రొయ్య వలిచినట్టే ఇదంతా.
ఆఖరికి ఆ నెత్తిమీద రెండు కూడా వలిచెయ్యాలి.

"ఏడు!" ఎనిమిది గొంతులు.

ఏడొక్కటే కాదర్రా.
మైనస్ ఏడుని మైనస్ ఏడుతో గుణించి చూడండి.
అటు చూడండి, హార్బరు బయట లంగరేసిన ఓడ,
దీపం నీటి మీద ఒకటి, నీటి లోపల ఒకటి.
పదో తరగతిలో ఆ లోపలి దీపం మరిచిపోయి
నేను పోగొట్టుకున్న ఒక్క మార్కు
ఇన్నేళ్లయినా చెప్పులో ఇసకలా గుచ్చుకుంటుంది.

తర్వాత మాటల లెక్క.
చదరపు వంటగది, నలభై తొమ్మిది చదరపు అడుగులు. గోడ పొడవెంత?
ఏడడుగులు. మైనస్ ఏడు కొట్టెయ్యండి,
మైనస్ గోడ ఎక్కడా ఉండదు.
పెన్నులన్నీ గీశాయి.
మైలపల్లి బంగారి పెన్ను గీయలేదు.
"మొన్న తుపానుకి మా వంటగది గోడ
సముద్రం అట్టుకుపోనాది టీచర్.
అది మైనసు కాదేటి?"

నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వి, ఏం చెప్పాలో తెలీక
ఎక్స్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు మైనస్ తొమ్మిది వేశాను.
దీనికి మన దగ్గర జవాబు లేదు, ఇంటర్‌లో చెప్తారు, అన్నాను.
నా చదువులో సగం
ఇంటర్‌లో చెప్తారనే గడిచిపోయింది.

బంగారి ఇంకా చెయ్యి దించలేదు.

అప్పుడు కిందనుంచి దాని నాన్న గరగయ్య కేక.
బోటు మీద పోతున్నాడు, వారం దాకా రాడు,
ఇంటి తాళంచెవి ఇచ్చెళ్లాలి.
మెట్లెక్కే తీరిక లేదు.
"ఒలే బంగారీ, ఇదిగో!"
తాళంచెవి లేచింది.
పిట్టగోడ దాకా వచ్చి,
ఇంక ఎక్కలేక, దిగాలని ఇంకా తోచక
ఒక్క రెప్పపాటు గాల్లో నిలబడింది.
బంగారి తొందర పడకుండా చెయ్యి చాచి
కొమ్మనుంచి జీడిమామిడి పండు కోసినట్టు తీసుకుంది.

నేను సుద్దముక్క వెతుక్కున్నాను.
ఆయన చేతినుంచి దీని చేతికి ఐదు మీటర్లనుకుందాం.
ఇది పట్టుకోకపోయుంటే కింద చేరడానికి టీ సెకన్లు.
ఐదు టీ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఐదు.
ఐదుని ఐదు తినేసింది. టీ స్క్వేర్ ఒకటి.
"ఒకటికి కూడా వర్గమూలమేటి?" వెనక చాపనుంచి ఎవరో.
ఉంటుంది. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి.
ప్లస్ ఒకటంటే, జారిన తాళంచెవి
సెకను తర్వాత మళ్లీ గరగయ్య చేతిలో.
మైనస్ ఒకటి?
కాలం మైనస్ కాదు, కొట్టెయ్యమంటుంది పుస్తకం.
నా చెయ్యి అలవాటుగా లేచింది కూడా.

"నాను పట్టుకున్నప్పుడు సున్నా అయితే," అంది బంగారి
గుప్పిట విప్పకుండానే,
"దానికి సెకను ముందు
మా నాన్న ఇసిరాడు కదా టీచర్."

కింద చూశాను.
గరగయ్య అప్పటికే మలుపు తిరిగిపోయాడు.

"పరీక్షలో అలగే ఉంచేస్తే మార్కేస్తారా?"
మళ్లీ ఆ వెనక చాపే.
వెయ్యరు నాయనా. కొట్టెయ్యండి.
కాకపోతే సన్నగా కొట్టండి,
కింద అంకె కనబడేలాగ.